సినిమా డిస్కు - ప్రజల చేతిలోని ప్రతి

ఓటీటీలు వచ్చిన తర్వాత సినిమా డిస్కు బ్రతుకుతుందా, బ్రతకదా అన్న చర్చ మన మిత్రుల మధ్య తరచు వస్తున్నది. ఈ చర్చలో రెండు పక్షాలు కనబడుతున్నాయి. ఒక పక్షం వారు డిస్కు పోవటాన్ని ఒక యుగం ముగిసినంతగా భావించి విచారిస్తున్నారు. డిస్కు పెట్టె మీది బొమ్మ, దాన్ని కొన్న దుకాణం, మొదటిసారి చూసిన రాత్రి - వారి మాటల్లో ఇవే ఎక్కువగా వినబడతాయి. రెండో పక్షం వారు, పాత సాధనం పోయి కొత్త సాధనం రావటం చరిత్ర నియమమనీ, దానికి కన్నీళ్ళు పెట్టుకోవటం అభ్యుదయ లక్షణం కాదనీ కొట్టిపారేస్తున్నారు. మొదటివారిది జ్ఞాపకాల మీది మమకారం. రెండోవారి మాట చూడటానికి శాస్త్రీయంగా ఉంటుంది గాని అందులో సగం సత్యమే ఉన్నది. సాధనం మారటాన్ని వారు గుర్తించారు. మారిన సాధనం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో విచారించలేదు. ఆస్తి సంబంధాలను పక్కకు పెట్టి యంత్రాల గురించి మాట్లాడితే ఎంత అభ్యుదయవాదికైనా దారి తప్పుతుంది.

నేను కళాశాలలో తెలుగు సాహిత్యం చెబుతాను. యంత్రాల విషయంలో నిపుణుణ్ణి కాను. అయినా ఒక రచన ప్రతులు ఎట్లా నిలుస్తాయి, ఎట్లా నశిస్తాయి అన్నది సాహిత్య విద్యార్థికి పరాయి విషయం కాదు. ఈ ప్రశ్నను నేను ఆ వైపు నుంచి పరిశీలిస్తాను.

ముందుగా మన ప్రాంతంలో జరిగిందేమిటో చూద్దాం. తెలుగు పల్లెలో సినిమా ఇంటికి రావటం డిస్కుతో మొదలు కాలేదు. 1980 దశకంలో పెళ్ళికో, శ్రీరామనవమికో వీడియో ప్లేయరునూ టీవీనీ అద్దెకు తెచ్చి, వీధిలో పట్టాలు పరిచి, తెల్లవార్లూ రెండు మూడు సినిమాలు వెయ్యటం అనేక గ్రామాల్లో ఉండేది. అది సామూహిక వినోదం. 1990 దశకం చివర వీసీడీ వచ్చింది. ఒక వీసీడీలో 74 నిమిషాలకు మించి పట్టదు గనుక మన మూడు గంటల సినిమా రెండు మూడు డిస్కులయ్యేది. బొమ్మ నాసిగా ఉండేది. అయినా చౌక ప్లేయరూ చౌక డిస్కూ కలిసి మిరపకోతకు పోయే కూలి ఇంటి దాకా సినిమాను తెచ్చాయి. 2007లో మోజర్ బేర్ అనే కంపెనీ వీసీడీని 28 రూపాయలకూ డీవీడీని 34 రూపాయలకూ అమ్మటం మొదలుపెట్టింది. అంతకు ముందు అసలు డిస్కుకు దానికి కొన్ని రెట్లు పెట్టవలసి వచ్చేది. నేను విద్యార్థిగా ఉన్న ఆ రోజుల్లో మా నాదెండ్ల నుంచి చిలకలూరిపేటకు గాని నరసరావుపేటకు గాని పోతే బస్టాండు దగ్గర తోపుడు బండి మీద కూడా డిస్కులు దొరికేవి. వాటిలో అసలువెన్ని, దొంగవెన్ని అన్నది వేరే సంగతి.

ఈ వైభవం పదేళ్ళు కూడా నిలవలేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి సెల్‌ఫోనులో డేటా ధర పడిపోయింది. అదే సంవత్సరం నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ ప్రైమ్ వీడియో మన దేశంలో అడుగుపెట్టాయి. 2020 ఉగాదికి తెలుగు కోసమే ఆహా వచ్చింది. ఈ మధ్యలో, 2018లో, ఒకనాడు ప్రపంచంలోనే పెద్ద డిస్కు తయారీదారుల్లో ఒకటిగా ఉన్న మోజర్ బేర్ అప్పుల్లో కూరుకుపోయి జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ ఉత్తర్వుతో లిక్విడేషనుకు పోయింది. నేను ఎరిగిన డిస్కుల దుకాణాల్లో ఇప్పుడు సెల్‌ఫోను అద్దాలూ చార్జర్లూ అమ్ముతున్నారు.

డిస్కు ఓడిపోవటానికి దొంగ ప్రతులూ చౌక డేటా రెండూ కారణాలే. కాని వీటికి తోడు మూడో కారణం ఒకటి ఉన్నది. మన చర్చల్లో దాని ప్రస్తావన రావటం లేదు. నిర్మాత తన చిత్రాన్ని ఓటీటీ కంపెనీకి అమ్మేటప్పుడు అది మరెక్కడా దొరకకూడదన్న షరతు మీదనే పెద్ద ధర వస్తుంది. చందా కట్టించుకోవాలంటే కంపెనీ చేతిలో గుత్త హక్కు ఉండాలి. ముప్పై రూపాయలకు డిస్కు దొరికే చిత్రానికి నెలనెలా చందా ఎవరు కడతారు? అంటే డిస్కు పోటీలో ఓడటం కొంతవరకే నిజం. తర్వాతి చిత్రాలకు దాన్ని పోటీలోకే రానివ్వలేదు. జపానులో బాహుబలికీ ఆర్.ఆర్.ఆర్.కూ బ్లూరే డిస్కులు అచ్చు వేసి అమ్మారు. అక్కడ కొనే గిరాకీ ఉన్నది కాబట్టి అమ్మారు. ఆ సినిమాలకు మొదటి ప్రేక్షకులైన పల్నాటి జనానికి అవి ఏ దుకాణంలోనూ నాకు కనబడలేదు.

ఇతర దేశాల్లో కూడా దిశ ఇదే. 1998లో డీవీడీలను తపాలాలో అద్దెకు పంపటంతో మొదలైన నెట్‌ఫ్లిక్స్, 500 కోట్లకు పైగా డిస్కులు పంపిన తర్వాత, 2023 సెప్టెంబరు 29న ఆ వ్యాపారాన్ని ఆపేసింది. శామ్‌సంగ్ 2019లోనూ ఎల్‌జీ 2024లోనూ బ్లూరే ప్లేయర్ల నుంచి తప్పుకున్నాయి. అక్కడ మిగిలి ఉన్నది సేకరణ మీద మోజున్న వారి కోసం, శ్రద్ధగా శుభ్రం చేసి, మంచి పెట్టెలో పెట్టి, ఎక్కువ ధరకు అమ్మే డిస్కు. సామాన్యుడి సరుకుగా పుట్టిన వస్తువు శ్రీమంతుడి అలమరలోకి చేరి బ్రతుకుతున్నది. వ్యాపార వస్తువుగా డిస్కు భవిష్యత్తు ఇంతే. మన దేశంలో అంతపాటి అలమరలు కూడా లేవు గనుక ఇక్కడ దాని వ్యాపారం ముగిసినట్టే. ఈ నిజాన్ని ఒప్పుకోకుండా వాదన సాగించటం వల్ల ప్రయోజనం లేదు.

ఇక్కడ రెండో పక్షం మిత్రులు అడగవచ్చు: "మరి ఇంకేం కావాలి? వోల్గా, షాలిమార్, శ్రీ బాలాజీ వంటి వీడియో సంస్థలే ఒకప్పటి పాత చిత్రాలను యూట్యూబులో ఉచితంగా పెడుతున్నాయి. డిస్కుల కాలంలో కొనలేని పేదవాడు ఇవాళ ఫోనులో మాయాబజార్ చూస్తున్నాడు. ఇది ప్రజాస్వామికం కాదా?"

ఇది బలమైన ప్రశ్న. చూసే అవకాశం విస్తరించిందనటంలో సందేహం లేదు. పొలంగట్టు మీద కూర్చున్న రైతుకూలీ రోజులు మారాయి (1955) చూడగలగటం నిస్సందేహంగా పురోగమనమే. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాడు సంపన్నుడి అభిరుచిని ప్రజల అభిరుచి మీద రుద్దుతున్నాడన్న మాట. కాని చూడటానికి అనుమతి ఉండటం వేరు, ప్రతి చేతిలో ఉండటం వేరు. పత్రిక తెప్పించుకొని చందా ఆపేసినవాడి ఇంట్లో పాత సంచికలు మిగులుతాయి. ఓటీటీ చందా ఆపేసినవాడి దగ్గర ఏమీ మిగలదు. నెలనెలా చందా కట్టే సంగతి అట్లా ఉంచండి. "కొనండి" అని రాసి ఉన్న మీట నొక్కి పూర్తి ధర చెల్లించినా అక్కడ చేతికి వచ్చేది లైసెన్సే. ఈ మోసాన్ని గుర్తించే కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో ఒక చట్టం చేసింది. కొనేవాడికి దక్కేది సొంతం కాదు, లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పాలని ఆ చట్టం 2025 జనవరి నుంచి నిర్బంధిస్తున్నది. పెట్టుబడికి పుట్టినిల్లయిన చోటనే చట్టసభ ఇంతవరకు రావలసి వచ్చిందంటే ప్రశ్న ఎంత తీవ్రమైందో ఊహించవచ్చు.

అనుమతి ఎంత పెళుసైనదో తెలుసుకోవటానికి రెండు ఉదాహరణలు పక్కపక్కన పెట్టి చూద్దాం. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన రైతుబిడ్డ జమీందారీ వ్యవస్థను విమర్శించింది. దాన్ని నిర్మించిన సారథి ఫిలిమ్స్ వెనుక ఉన్నది చల్లపల్లి జమీందారే అయినా, తక్కిన జమీందార్లు సహించలేదు. కొన్ని జిల్లాల్లో ప్రదర్శన నిషేధించారు. అధికారం అంత కఠినంగా ఉన్న రోజుల్లో కూడా ఆ నిషేధానికి జిల్లా సరిహద్దు ఉన్నది. నిషేధం ప్రదర్శనను ఆపింది. పెట్టెల్లోని ప్రింట్లు ప్రింట్లుగానే ఉన్నాయి. ఇక రెండోది. 2024 జనవరిలో అన్నపూరణి అనే తమిళ చిత్రం మీద కొందరు ఫిర్యాదులు చెయ్యగానే నెట్‌ఫ్లిక్స్ నుంచి దాన్ని తీసేశారు. అంతకు ముందు నెలలోనే సెన్సారు సర్టిఫికెట్టుతో థియేటర్లలో ఆడిన చిత్రమది. న్యాయస్థానం తీర్పు రానక్కరలేకపోయింది. జిల్లా సరిహద్దు కూడా లేదు. నిన్న రాత్రి సగం చూసి ఆపినవాడికి ఇవాళ మిగతా సగం లేదు. ఆ చిత్రం గొప్పదా కాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. రేపు మన భావాలకు దగ్గరైన చిత్రానికి కూడా ఇదే గతి పట్టవచ్చునన్న సంగతి అభ్యుదయ రచయితలు మరచిపోకూడదు. నిషేధాల చరిత్రను మనం కొత్తగా చదవనక్కరలేదు. మా భూమి నాటకం నిషేధాన్ని అనుభవించింది. నాటకం అచ్చు ప్రతి జనం దగ్గర ఉన్నది కాబట్టే ఇవాళ తరగతిలో దాన్ని చెప్పగలుగుతున్నాం.

తరగతి మాట వచ్చింది కాబట్టి ఉపాధ్యాయ మిత్రులకు నేరుగా సంబంధించిన విషయం ఒకటి చెబుతాను. మన 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షను ప్రకారం, విద్యాసంస్థలో బోధన కార్యక్రమంలో భాగంగా, విద్యార్థులూ సిబ్బందీ తల్లిదండ్రులూ మాత్రమే ప్రేక్షకులుగా సినిమా చూపిస్తే అది హక్కుల ఉల్లంఘన కాదు. అంటే కన్యాశుల్కం నాటకం చెప్పే అధ్యాపకుడు 1955 నాటి చిత్రాన్ని తరగతిలో చూపించి, గిరీశం పాత్ర నాటకం నుంచి తెరకు ఎట్లా మారిందో చర్చించవచ్చు. చట్టం మనకు ఈ హక్కు ఇచ్చింది. డిస్కు ఉంటే ఈ హక్కు వినియోగంలోకి వస్తుంది. నెట్‌ఫ్లిక్స్ వంటి సంస్థల షరతులు మాత్రం, చందాదారు తన ఇంటివారితో కలిసి సొంతానికి చూసుకోవటానికే అనుమతిస్తున్నాయి. పార్లమెంటు ఇచ్చిన హక్కును కంపెనీ కాగితం వెనక్కి తీసుకుంటున్నదన్న మాట. దీన్ని మనం ఇంతవరకు ఒక సమస్యగా చర్చించక పోవటం ఆశ్చర్యంగా ఉన్నది.

ఇప్పుడు సాహిత్య చరిత్రకు వద్దాం. పల్నాటి వీరుల కథ మనకు ఎట్లా దక్కింది? దాన్ని ఒక రాజు తన కోటలో భద్రపరచినందువల్ల దక్కలేదు. కారెంపూడిలో ఏటేటా కార్తీకంలో వీరులను కొలిచే జనం మధ్య, పాడేవారి గొంతుల్లో అది తరతరాలు నడిచింది. శ్రీనాథుడి పేర ద్విపదగా తాటాకుల మీదికెక్కింది. అక్కిరాజు ఉమాకాంతం 1911లో దాన్ని అచ్చు వేయించారు. ఒక గొంతు ఆగినా మరో గొంతు ఉన్నది. ఒక తాటాకు చెదలు తిన్నా మరో చోట మరో ప్రతి ఉన్నది. నన్నెచోడుడి కుమారసంభవం సంగతి చూడండి. శతాబ్దాల పాటు పండితులకే తెలియకుండా పోయిన ఆ కావ్యం తంజావూరులో తాటాకుల రూపంలో మిగిలి ఉండటం చేత మానవల్లి రామకృష్ణకవి 1909లో దాన్ని లోకానికి చూపించగలిగారు. ఆదికవి ఎవరన్న వాదమే దానితో కొత్తగా మొదలైంది. ఎవరూ చదవని రోజుల్లో కూడా ప్రతి ఉండటమే దానికి ప్రాణం పోసింది. ఓటీటీ లెక్క దీనికి తలకిందులు. చూసేవారు తగ్గిన చిత్రాన్ని ఉంచటం కంపెనీకి దండుగ. 2023లో డిస్నీ తాను సొంతంగా నిర్మించిన వాటినే డజన్ల కొద్దీ తన వేదిక నుంచి తొలగించింది. ఆ లెక్క ప్రకారం నన్నెచోడుడు ఎన్నడో తొలగిపోయేవాడు.

ప్రతి ఉండటం ఎంత ముఖ్యమో, ఏ ప్రతి అన్నదీ అంతే ముఖ్యం. గురజాడ కన్యాశుల్కాన్ని 1897లో ఒకసారి, పూర్తిగా తిరగరాసి 1909లో మరోసారి అచ్చు వేశారు. రెండోది వచ్చిందని మొదటిది ఇళ్ళల్లోంచి మాయం కాలేదు. అందువల్లనే బంగోరె 1969లో మొదటి కూర్పును తిరిగి వెలికి తెచ్చారు. గురజాడ శిల్పం ఎట్లా ఎదిగిందో మనం పక్కపక్కన పెట్టి పోల్చుకోగలుగుతున్నాం. సినిమాకు కూడా ఇదే వర్తిస్తుంది. 1957 నాటి మాయాబజార్‌కు 2010లో రంగులు వేశారు. రంగులు వెయ్యటం మంచిదా చెడ్డదా అన్న చర్చ చెయ్యాలంటే రెండు ప్రతులూ ముందుండాలి. గూడవల్లి మొదలుపెట్టగా, ఆయన 1946లో మరణించిన తర్వాత ఎల్.వి.ప్రసాద్ పూర్తి చేసిన పల్నాటి యుద్ధం (1947), మళ్ళీ 1966లో వచ్చిన పల్నాటి యుద్ధం - ఈ రెంటిలో నాగమ్మను ఎట్లా చిత్రించారన్నది మా ప్రాంతపు విద్యార్థి చెయ్యదగిన మంచి పరిశోధన. సర్వరులో ఉన్న చిత్రాన్ని రాత్రికి రాత్రి మార్చవచ్చు, ఒక దృశ్యం కోసెయ్యవచ్చు, ఒక మాటను మూగ చెయ్యవచ్చు. పాత ప్రతి ఎవరి దగ్గరా లేకపోతే మార్పు జరిగినట్టు రుజువు చెయ్యటం కూడా సాధ్యం కాదు. అప్పుడు విమర్శకుడు దేని మీద విమర్శ రాయాలి?

సినిమా విషయంలో మనం ఇప్పటికే పోగొట్టుకున్నది తక్కువేమీ కాదు. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద (1932) నేడు చూద్దామంటే లేదు. తొలి భారతీయ టాకీ ఆలం ఆరా (1931) కూడా లేదు. మన దేశంలో తయారైన సుమారు 1,300 మూకీ చిత్రాల్లో మిగిలినవి 30కి మించవు. 1964లో పూణేలో జాతీయ ఫిల్ము ఆర్కైవు పెట్టేనాటికే చాలా భాగం నశించింది. 2003లో పూణేలోనే అగ్ని ప్రమాదం జరిగి నైట్రేటు ఫిల్ములెన్నో బూడిదయ్యాయి. సత్యజిత్ రాయ్ అపు చిత్రత్రయం నెగటివులు 1993లో లండన్ లేబరేటరీ మంటల్లో కాలిపోయాయి. అయినా 2015లో ఆ మూడు చిత్రాలూ పునరుద్ధరణ పొంది వచ్చాయంటే, కాలిన నెగటివులో మిగిలిన భాగాలకు తోడు వేరే చోట్ల ఉన్న ప్రతులు అక్కరకు రావటమే కారణం. ఒకే చోట ఉన్నది ఒకే మంటకు పోతుంది. ఆ మంట నిప్పుదే కానక్కరలేదు. కంపెనీ దివాలా తీసినా, మరో కంపెనీలో కలిసినా అదే ఫలితం కలగవచ్చు.

ఇంత చెప్పినంత మాత్రాన డిస్కును నేను పూజించటం లేదు. దాని దోషాలు దానికున్నాయి. నా దగ్గరున్న తెలుగు డిస్కుల్లో చాలా వాటి మీద తెర మూలన కంపెనీ ముద్ర వెలుగుతూ ఉంటుంది. కొన్నిటిలో పాటకూ సంభాషణకూ మధ్య వ్యాపార ప్రకటనలు దూరాయి. కొన్నిటిలో దృశ్యాలే తెగిపోయాయి. చిత్రాన్ని కళాఖండంగా గాక కిలోల లెక్కన అమ్మే సరుకుగా చూసిన వ్యాపారులు ఇంతకంటె బాగా చేస్తారనుకోవటం పొరపాటు. డిస్కు శాశ్వతం కూడా కాదు. ప్లాస్టిక్కు పలకల మధ్య ఉండే పలచని అల్యూమినియం పొర గాలి తగిలితే పాడవుతుంది. ఇంట్లో కంప్యూటరు మీద ఎక్కించుకున్న డిస్కు ఫ్యాక్టరీలో అచ్చయిన డిస్కు కంటె త్వరగా చెడుతుంది. ప్లేయర్లే తయారు కాకపోతే మంచి డిస్కు కూడా అద్దం ముక్కతో సమానం. తాటాకును మనం తాటాకు కోసం ప్రేమించలేదు. దాని మీద ఉన్నదాన్ని ఇంకో తాటాకు మీదికీ, ఆ తర్వాత కాగితం మీదికీ ఎక్కించుకునే స్వేచ్ఛ మనకుండేది. డిస్కులో మనం కాపాడుకోవలసింది ఈ స్వేచ్ఛనే. వస్తువు మారవచ్చు, ఇవాళ డిస్కు, రేపు హార్డు డిస్కు, ఎల్లుండి మరొకటి కావచ్చు. తాళం మాత్రం కంపెనీ దగ్గర ఉండకూడదు.

ఇదే మన కార్యక్రమానికి ఆధారం కావాలి. చట్టం విషయంలో చెయ్యవలసింది మొదట చెబుతాను. పుస్తకం అచ్చయితే ప్రతులను నిర్ణీత గ్రంథాలయాలకు ఇవ్వాలని 1954 నాటి చట్టం ప్రచురణకర్తను నిర్బంధిస్తున్నది. ఆ చట్టం సినిమాకు వర్తించదు. సర్టిఫికెట్టు పొందిన ప్రతి తెలుగు చిత్రం పూర్తి ప్రతినీ, తాళం లేకుండా, ప్రజా గ్రంథాలయంలో దాఖలు చెయ్యాలన్న నిబంధన కోసం మనం ఆందోళన చెయ్యాలి. మన చట్టంలో సినిమా మీద హక్కు విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు. పాటలూ మాటలూ రాసినవారి హక్కులు వేరుగా నడుస్తాయి గాని, 1964 వరకు విడుదలైన చిత్రాల మీద నిర్మాతల హక్కు ఇప్పటికే ముగిసింది. అంటే రోజులు మారాయి, ప్రజానాట్యమండలి గరికపాటి రాజారావు తీసిన పుట్టిల్లు (1953) వంటివి నిర్మాత గుప్పిట్లోంచి బయటపడ్డాయి. కాగితం మీద వచ్చిన ఈ హక్కు, చేతిలో మంచి ప్రతి లేకపోతే ఆచరణలో సున్న. పైగా 2012 సవరణలో చేర్చిన 65ఎ సెక్షను, హక్కులను అతిక్రమించే ఉద్దేశంతో కాపీరైటు తాళాన్ని ఛేదించటాన్ని నేరంగా చేసింది. గ్రంథాలయాలకూ విద్యాసంస్థలకూ ఈ విషయంలో స్పష్టమైన రక్షణ అడగాలి.

మిగతాది మనమే చెయ్యగలిగిన పని. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున మనం గ్రంథాలయ పన్ను కడుతున్నాం. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద జిల్లా గ్రంథాలయ సంస్థలున్నాయి. వాటిలో దినపత్రికల బల్ల పక్కన ఒక తెర, ఒక ప్లేయరు, ఒక అలమర ఎందుకు ఉండకూడదు? ఇళ్ళల్లో అటకల మీద మూలుగుతున్న డిస్కులను పాత ఇనుము కొనేవాడికి వెయ్యకముందే సేకరించి, వివరాలు నమోదు చేసి, పాడవకముందే మరో సాధనం మీదికి ఎక్కించే హక్కును గ్రంథాలయాలకు సాధించాలి. విద్యార్థి సంఘాలూ మన సంఘం శాఖలూ మండలానికొకటిగా జాబితాలు తయారు చెయ్యవచ్చు. ఏ చిత్రం ఏ కూర్పు ఎవరి దగ్గరున్నదో తెలిస్తేనే ఏది నశించబోతున్నదో తెలుస్తుంది. ఇది కలలాగా తోచేవారికి మన ప్రాంతపు చరిత్రనే గుర్తు చేస్తాను. 1935లో పాతూరి నాగభూషణం పుస్తకాలను పడవలో పెట్టి, పెదవడ్లపూడి - కొల్లూరు కాలవ మీద ఊరూరా చదువరుల దగ్గరికి పంపారు. ఆనాడు ప్రభుత్వం ఆయనకు పడవ కట్టి ఇవ్వలేదు. పుస్తకం జమీందారు బీరువాలో ఉండటం చాలదనీ, కాలవగట్టు మీద బట్టలుతుక్కునే మనిషి చేతిలోకి రావాలనీ నమ్మినవారు ఆ పని చేశారు. సినిమా కూడా కోట్ల మంది శ్రమతో, కోట్ల మంది టిక్కెట్టు డబ్బుతో తయారైన ప్రజాకళ. దాని ప్రతి కూడా అట్లాగే జనం చేతికి రావాలి. డిస్కు వ్యాపారం పోవటాన్ని మనం ఆపలేం. ఉన్న డిస్కుల జాబితా రాయటం ఈ వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టవచ్చు.